బానెట్ కింద మురికి: వాటర్ సర్వీసింగా, ఆవిరా, చేతి గుడ్డా?

సార్వా (ఖరీఫ్ వరి) కోతలు అయ్యాక ఒకసారి మీ కారు బానెట్ ఎత్తి చూడండి. ధాన్యం ఆరబోసిన రోడ్ల మీద నెల రోజులు తిరిగిన బండి అయితే రేడియేటర్ ముందు తాలు, ఊక, బ్యాటరీ పక్కన గడ్డిపోచలు, అన్నిటి మీదా ఒండ్రుమట్టి దుమ్ము కనిపిస్తాయి. సంక్రాంతికి కూతుళ్లు, అల్లుళ్లు వచ్చేలోపు బండి కడిగించాలనిపిస్తుంది. సర్వీసింగ్ షాపుకి తీసుకెళ్తే కుర్రాడు పైనంతా నురగ పట్టించి కడిగి, "ఇంజిన్ మీద కూడా కొట్టేయమంటారాండి?" అని అడుగుతాడు. పది మందిలో ఎనిమిది మంది సరేనంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అన్నాను.

ఇప్పుడు అనను. మన గోదావరి డెల్టాలో తిరిగే కార్లలో చాలా వాటికి బానెట్ కింద బ్రష్షు, గాలి, పిండిన తడి గుడ్డ చాలు. జిడ్డు గడ్డకట్టిన బండికి ఆవిరి మంచిది. ప్రెషర్ గొట్టంతో కొట్టించడం, డీజిల్ చల్లించడం, ఈ రెండూ వద్దే వద్దు. ఎందుకో వివరంగా చెబుతాను. మీ బండి పరిస్థితి మీకే తెలుసు కాబట్టి, చదివాక మీరే నిర్ణయించుకోవచ్చు.

ముందు అది ఏ మురికో చూడాలి

ఇంజిన్ మురికి అంటే చాలామందికి నల్లటి ఆయిల్ జిడ్డే గుర్తొస్తుంది. పదేళ్లు దాటిన బండ్లలో అది నిజమే. కొత్త కార్లలో మాత్రం మన వైపు ఎక్కువగా కనబడేది పొడి మురికి. నవంబరు, డిసెంబరుల్లో సార్వా, ఏప్రిల్ ప్రాంతంలో దాళ్వా (రబీ వరి) కోతలు జరిగేటప్పుడు మండపేట, తణుకు, భీమవరం చుట్టుపక్కల రోడ్ల మీద గాలిలోనే పొట్టు ఎగురుతుంటుంది. రైస్ మిల్లుల పక్క రోడ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఈ పొట్టు రేడియేటర్‌కీ, దాని ముందుండే ఏసీ కండెన్సర్‌కీ మధ్య ఇరుక్కుంటుంది. గాలి ఆడదు. ఏసీ చల్లబడదు, ఎండాకాలం ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడెక్కుతుంది. గ్యాస్ అయిపోయిందనుకుని గ్యాస్ నింపించుకునేవాళ్లని చూశాను. ఆ పొట్టు దులిపితే ఏసీ మామూలుగా పనిచేసింది.

పొట్టు మీద నీళ్లు పడితే ఇంకో చిక్కు ఉంది. పొడిగా ఉన్నప్పుడు ఊదితే పోయేది, తడిస్తే ముద్దయి సందుల్లో అతుక్కుపోతుంది. ఆరాక మట్టితో కలిసి పిడకలా గట్టిపడుతుంది. తడి పట్టుకుని కింద ఉన్న ఇనుమూ తుప్పు పడుతుంది. అందుకే పొడి మురికిని పొడిగానే తీయాలి.

రెండోది ఉప్పు. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు సముద్రపు గాలిలో తిరిగే బండ్లకి, రొయ్యల చెరువుల గట్ల మీద రోజూ నడిచే బండ్లకి ఇది తప్పదు. బ్యాటరీ టెర్మినల్స్, బోల్టు తలలు, ఎర్త్ తీగ కలిసే చోట్లు ముందుగా దెబ్బ తింటాయి. మూడోది జిడ్డు. నాలుగోది ఎలుక గూడు. దాని గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అది బండికే కాదు మనిషికీ ప్రమాదం.

జిడ్డులో కూడా తేడా ఉంది. ఎండిపోయి దుమ్ము పట్టిన జిడ్డయితే పాతది. తడిగా మెరుస్తుంటే ఎక్కడో కారుతున్నట్టు లెక్క. తరచుగా ఇంజిన్ పైన ఉండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర కారుతుంది. అప్పుడు కడగడం కంటే ముందు మెకానిక్‌కి చూపించండి. కడిగేస్తే కారే చోటు కనబడక అతనికీ ఇబ్బందే.

ప్రెషర్ గొట్టం

నాలుగేళ్ల కిందట మా బావమరిది పెట్రోలు కారులో పాలకొల్లు నుంచి రాజమండ్రిలో పెళ్లికి బయలుదేరాం. ముందు రోజు సాయంత్రం ఒక షాపులో వాటర్ సర్వీసింగ్ చేయించాడు, ఇంజిన్‌తో సహా. మర్నాడు రావులపాలెం దాకా బాగానే వచ్చింది. గౌతమి వంతెన ఎక్కాక బండి వణకడం మొదలుపెట్టింది, చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంది. వంతెన దిగాక జొన్నాడలో మెకానిక్‌ని పిలిస్తే, అతను బానెట్ ఎత్తకుండానే అడిగాడు: "ఆయ్, నిన్నగానీ మొన్నగానీ ఇంజిన్ మీద నీళ్లు కొట్టించారాండి?" ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ పైకి లాగితే ప్లగ్గు గుంటలో నీళ్లు నిలిచి ఉన్నాయి. కాయిల్ పోయింది. మేం వెళ్లేసరికి ముహూర్తం దాటిపోయింది. పిల్ల మేనమామ లేకుండా బుట్ట ఎవరు తేవాలని అక్కడ వాళ్లు పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది.

ఎందుకలా జరుగుతుందో చెబుతాను. మేడ మీద ట్యాంకు పది మీటర్ల ఎత్తులో ఉంటే ఇంటి కుళాయిలో వచ్చే ఒత్తిడి సుమారు 1 బార్. ఇళ్లలో వాడుకునే చిన్న ప్రెషర్ వాషర్లే 100 బార్ దాకా కొడతాయి. బానెట్ కింద వైర్లు కలిసే కప్లర్లకి, సెన్సర్లకి రబ్బరు సీళ్లు ఉంటాయి. అవి వర్షంలో చిమ్మే నీటిని ఆపడానికి సరిపోతాయి. దగ్గర నుంచి సూదిలా వచ్చే ధారని ఆపలేవు. పైగా ఐదారేళ్ల వేడికి ఆ రబ్బరు గట్టిపడి ఉంటుంది. ఒకసారి లోపలికి వెళ్లిన నీళ్లని అదే సీలు బయటికి పోనివ్వదు. అప్పుడే బండి ఆగిపోతే ఒక రకంగా అదృష్టమే. చాలాసార్లు పిన్నులు లోపల్లోపలే పచ్చగా చిలుము పట్టి, మూడు నెలల తర్వాత ఏదో ఒక లైటు వెలుగుతుంది. దానికి కారణం ఆ కడుగుడేనని ఎవరికీ తట్టదు.

ధార తగిలితే ముందు పాడయ్యేవి డైనమో, ఫ్యూజ్ బాక్స్, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ పెట్టె, కాయిళ్లు, ఏర్ ఫిల్టర్ మూతి. రేడియేటర్ రేకులు కూడా అంతే. అవి కాగితమంత పలుచన. ధార తగిలితే వంగి మూసుకుపోతాయి, శుభ్రం చేయబోయి గాలి దారినే మూసినట్టవుతుంది.

ఇంకో తప్పు, వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు. షాపుకి నడుపుకుంటూ వెళ్తాం కాబట్టి ఇంజిన్ వేడిగానే ఉంటుంది. లోపల కూలెంట్ 90 డిగ్రీల దగ్గర, పొగ గొట్టం మొదలు అంతకు ఎన్నో రెట్లు వేడిలో ఉంటాయి. దాని మీద ఒక్కసారిగా బోరు నీళ్లు పడితే పోత ఇనుము పగుళ్లివ్వొచ్చు. ఒక గంట ఆపి కడగమంటే, వెనక ఐదు బండ్లు వరసలో ఉండగా ఆ కుర్రాళ్లు ఎలా ఆపుతారు? వాళ్ల తప్పు కూడా కాదది.

బండి పైభాగానికి, చక్రాలకి, అడుగున మట్టికి వాటర్ సర్వీసింగ్ చక్కగా పనికొస్తుంది. నేనూ వెళ్తాను. బానెట్ మాత్రం ఎత్తనివ్వను.

డీజిల్ స్ప్రే

కడిగాక నిగనిగలాడాలని ఇంజిన్ మీద డీజిల్ చల్లే అలవాటు ఇంకా చాలా చోట్ల ఉంది. రెండు రోజులు మెరుస్తుంది. ఆ పలచని పొర ఎగిరే పొట్టునీ దుమ్మునీ పట్టుకుని వారం తిరగకుండా ముందుకంటే ఎక్కువ మురికి చేస్తుంది. కూలెంట్ పైపుల రబ్బరుకి పెట్రోలియం నూనెలు పడవు, ఉబ్బి మెత్తబడతాయి. వేడి పొగ గొట్టం మీద నూనె పొగలు, పక్కనే ఇరుక్కున్న ఎండుగడ్డి. నిప్పుకి ఇంకేం కావాలి? కిరసనాయిలు, పెట్రోలు అయితే ఇంకా ప్రమాదం. తక్కువ ఖర్చన్న మాటే గానీ, దీన్ని ఏ బండికీ సిఫారసు చేయను.

ఆవిరి వాష్

రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి పట్టణాల్లో ఆవిరితో కడిగే సౌకర్యం దొరుకుతుంది. నీళ్లు చాలా తక్కువ, వేడి ఎక్కువ కాబట్టి ఎండిపోయిన జిడ్డు కరిగి గుడ్డకి వచ్చేస్తుంది. పదేళ్ల బండి, నల్లగా గడ్డకట్టిన ఇంజిన్, ప్యాకింగ్ మార్చాక చుట్టూ ఉన్న పాత ఆయిల్, ఇలాంటి వాటికి నేను దీన్నే ఎంచుకుంటాను.

అయితే ఆవిరి కూడా చల్లబడితే నీళ్లే. చేసే మనిషి చేతిలోనే అంతా ఉంది. ఒక చేత్తో గన్ను, ఇంకో చేత్తో గుడ్డ పట్టుకుని, కొట్టిన చోట కొట్టినట్టే తుడుస్తూ పోతే పనివాడు. ఒకే చోట గన్ను ఆపి ఉంచితే ప్లాస్టిక్ మూతలు తెల్లబోతాయి, హెచ్చరిక స్టిక్కర్లు ఊడిపోతాయి. మొదలుపెట్టే ముందు ఫ్యూజ్ బాక్స్, కాయిళ్ల వైపు కొట్టొద్దని చెప్పండి. "మాకు తెలుసులెండి" అని విసుక్కుంటే బండి వెనక్కి తిప్పుకొచ్చేయండి. ఖర్చు మామూలు సర్వీసింగ్ కంటే ఎక్కువే అవుతుంది. రెండు మూడేళ్లకోసారి చేయించేది కాబట్టి భారం అనిపించదు.

గాలి, బ్రష్షు, గుడ్డ

నా ఓటు దీనికే. ఇంట్లో పాత పెయింట్ బ్రష్షు, టూత్ బ్రష్షు, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక స్ప్రే సీసా, కారు షాంపూ, చిన్న కరెంటు బ్లోయర్ ఉంటే చాలు. బ్లోయర్ లేకపోతే పంక్చర్ షాపులో గాలి గొట్టం అడగండి. కాకపోతే ఆ కంప్రెసర్ గాలిలో తడి ఉంటుంది, ఒత్తిడీ ఎక్కువ. మూరెడు దూరం నుంచి కొట్టాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి.

పొద్దున్నే, రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద, నీడలో పని మొదలుపెట్టండి. తాళం తీసి జేబులో వేసుకోండి. కొన్ని కార్లలో బండి ఆపేశాక కూడా ఫ్యాన్ తనంతట తాను తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త. బ్యాటరీ మైనస్ తీగ విప్పితే ఇంకా మంచిది. గడియారం, రేడియో సెట్టింగులు పోతే మళ్లీ పెట్టుకోవచ్చు.

ముందు పెద్ద గడ్డిపోచలు, ఆకులు చేత్తో ఏరేయండి. వైపర్ల కింద ఉండే నీటి తూము చాలామంది చూడరు. అక్కడ ఆకులు కుళ్లితే వర్షాకాలంలో నీళ్లు కారు లోపలికే వస్తాయి. మన కొబ్బరి, మామిడి చెట్ల కింద పెట్టే బండ్లకి ఇది మరీ ముఖ్యం. తర్వాత బ్లోయర్‌తో పైనుంచి కిందికి ఊదండి. రేడియేటర్‌కి మాత్రం ఇంజిన్ వైపు నుంచి బయటికి ఊదాలి, పొట్టు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఎదురు నుంచి ఊదితే ఇంకా లోపలికి దిగుతుంది. ఈ ఒక్క పనికే అరగంట కేటాయించినా తప్పు లేదు. డెల్టా బండికి బానెట్ కింద జరిగే మేలులో సగం ఇక్కడే.

అప్పుడు పెయింట్ బ్రష్షుతో సందులు దులిపి, షాంపూ నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ప్లాస్టిక్ మూతలు, పైపులు తుడవండి. జిడ్డు ఉన్న చోట దాన్ని కరిగించే డీగ్రీజర్‌ని ఇంజిన్ మీద కాకుండా బ్రష్షు మీద కొట్టుకుని రుద్దండి, రెండు నిమిషాలాగి వేరే తడి గుడ్డతో తీసేయండి. బట్టలుతికే పౌడరు వాడకండి. అందులో సోడా అల్యూమినియాన్ని మసకబారుస్తుంది. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా, నీలంగా పట్టిన పొడికి మాత్రం వంటసోడా మంచి మందు. తీగలు విప్పి, గ్లాసు నీళ్లలో చెంచా సోడా కలిపి టూత్ బ్రష్షుతో రుద్దితే యాసిడ్ విరిగి నురగ వస్తుంది. తుడిచి, ఆరాక కాస్త వాజలీన్ రాయండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు. ఉప్పు గాలి తగిలే ఊళ్లలో ఇది మూడు నెలలకోసారి చేసినా ఎక్కువ కాదు.

మెరుపు కావాలంటే నీటితో కలిసే ప్లాస్టిక్ డ్రెస్సింగ్‌ని గుడ్డతో రాయండి. సిలికాన్ స్ప్రే గాలిలోకి కొడితే బెల్టు మీద పడి జారుతుంది, కీచుమంటుంది.

ఇంత చేసినా వదలని మట్టి ఉంటే, అప్పుడు నీళ్లు. డైనమో, ఫ్యూజ్ బాక్స్, ఏర్ ఫిల్టర్ మూతి, కాయిళ్లకి ప్లాస్టిక్ కవర్లు కట్టి, స్ప్రే సీసాతోనో చెంబుతో మెల్లగానో తడిపి, వెంటనే తుడిచి, గంటసేపు బానెట్ ఎత్తి ఉంచండి. ముసురు పట్టిన రోజుల్లో వద్దు. గాలిలోనే తడి ఉన్నప్పుడు సందుల్లో నీళ్లు ఎప్పటికీ ఆరవు.

ఏ నీళ్లన్నదీ చూడాలి. మొగల్తూరు, సఖినేటిపల్లి, అల్లవరం లాంటి తీర మండలాల్లో చాలా బోర్లు ఉప్పు నీళ్లే ఇస్తాయి. ఆ నీళ్లతో ఇంజిన్ కడగడం తుప్పుకి విత్తనం వేయడమే. అక్కడ రెండు లీటర్ల మంచినీళ్లు, గుడ్డ చాలు. కాలవ రేవులో బండి దింపి కడిగే అలవాటున్నవాళ్లకి ఒక విన్నపం. వేసవిలో కాలవలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపేది ఆ కాలవే. ఆయిల్ గుడ్డ పిండిన నీళ్లు అందులో కలవకూడదు. ఆ బకెట్‌ని చేలకీ బోదెకీ దూరంగా, రంపపు పొట్టు మీదో ఇసక మీదో పోసి, పొట్టు చెత్తబండిలో వేయండి.

ఎలుక గూడు దొరికితే

కోతలయ్యాక చేలు ఖాళీ అవుతాయి, ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి. గడ్డిమేటు పక్కనో కొబ్బరికాయల షెడ్డులోనో పెట్టిన కారు బానెట్ కింద వాటికి వెచ్చగా ఉంటుంది. వైర్ల మీద పళ్లు అరగదీసుకుంటాయి, ఎండుగడ్డి తెచ్చి పొగ గొట్టం పక్కనే పేరుస్తాయి. బండి స్టార్ట్ చేస్తే అది అంటుకోవచ్చు.

ఇలాంటి గూడు కనబడితే గాలి కొట్టకండి, పొడి బ్రష్షు పెట్టకండి. ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్, మనం ఎలుక జ్వరం అనేది, చేతి గాట్ల నుంచి, కళ్ల నుంచి ఒంట్లోకి వస్తుంది. రబ్బరు గ్లవుజులు, మాస్కు వేసుకుని, గూడు మీద సబ్బు నీళ్లు తుంపరలా చల్లి తడిపి, చేత్తో ఎత్తి కవర్లో కట్టేయండి. ఆ చోటంతా సబ్బు నీటి గుడ్డతో తుడిచి గుడ్డ పారేయండి. బ్లీచింగ్ నీళ్లు నేల మీద చల్లుకోవచ్చు, ఇంజిన్ మీద మాత్రం వద్దు, లోహాన్ని తింటాయి. తర్వాత కొన్ని రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉంటే ఈ సంగతి డాక్టర్‌గారికి తప్పకుండా చెప్పండి.

కొరికిన వైరు కనబడితే టేపు చుట్టి వదిలేయొద్దు. ఎలక్ట్రీషియన్‌కి చూపించాకే బండి తీయండి.

మీ బండికి ఏది?

ఐదేళ్లలోపు కారు, రోజూ ఊళ్లలో తిరిగేది అయితే ఏడాదికి రెండుసార్లు, సార్వా తర్వాత ఒకసారి, దాళ్వా తర్వాత ఒకసారి, గాలి, గుడ్డ చాలు. సామాను అన్నీ కలిపినా ఒక మంచి సర్వీసింగ్ ఖర్చుని మించవు, బ్లోయర్ ఒక్కటే కాస్త ఖరీదు. పాత డీజిల్ బండి, నల్లటి జిడ్డు అయితే ముందు ఆయిల్ కారడం ఆపించి, ఆ తర్వాత ఆవిరి. హైబ్రిడ్, కరెంటు కార్లలో నారింజ రంగు మందపాటి తీగలు కనిపిస్తాయి, వాటిలో ప్రాణం తీసేంత కరెంటు ఉంటుంది. వాటి జోలికి వెళ్లకుండా పైపైన పొడి గుడ్డతో తుడవండి, మిగతాది కంపెనీ షోరూమ్‌కి వదిలేయండి. వరదలో మునిగిన బండిది వేరే కథ. లంకల్లో నీళ్లు తీశాక బానెట్ కింద ఒండ్రు కనిపిస్తే తాళం కూడా తిప్పొద్దు. సిలిండర్లలో నీళ్లుంటే ఒక్క స్టార్ట్‌కే పిస్టన్ కడ్డీలు వంగిపోతాయి. లాక్కెళ్లి మెకానిక్ దగ్గర విప్పించడమే దారి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి ఒక మాట. ఇంజిన్ అద్దంలా మెరుస్తుంటే సంతోషించకండి. కారే చోట్లు దాచడానికి నిన్ననే కడిగించి ఉండొచ్చు. వారం నడిపి మళ్లీ బానెట్ ఎత్తి చూస్తానని అడగండి. మట్టి పట్టి ఉన్నా పొడిగా ఉన్న ఇంజినే నాకు నమ్మకం.

ఎంత జాగ్రత్త పడ్డా, కడిగాక బండి వణికినా, చెక్ ఇంజిన్ లైటు మిణుకుమన్నా వెంటనే ఆపేయండి. ఆరిపోతుందిలే అని నడిపితే మండని పెట్రోలు పొగ గొట్టంలోకి వెళ్లి అక్కడ పొగని శుద్ధి చేసే కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. అది కాయిల్ కంటే ఎన్నో రెట్లు ఖరీదు. బానెట్ ఎత్తి ఎండలో వదిలేసి, మెకానిక్‌ని ఇంటికే పిలిపించండి. కాయిళ్లు విప్పి, ప్లగ్గు గుంటల్లో గాలి కొట్టి ఆరబెట్టడం అతనికి అరగంట పని.